పాటలోని "నేను" ఎవరు?

ప్రశ్న: "మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. ఏడాదిగా అమెరికా ర్యాప్ పాటలు తప్ప ఇంకేమీ వినడం లేదు. గది గోడ నిండా మెడలో లావుపాటి గొలుసులు, చేతుల్లో తుపాకులు ఉన్న గాయకుల బొమ్మలు అతికించాడు. ఒకరోజు వాడు కాలేజీకి వెళ్లాక ఒక పాట మాటలు కాగితం మీద రాసుకుని, నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చంపడం, మత్తుమందు అమ్మడం, ఆడవాళ్లను హీనంగా తిట్టడం. అడిగితే 'అందులో ఉన్నది నిజమమ్మా, నీకు అర్థం కాదు' అన్నాడు. పాటలు పాడుకునేవాళ్లకు ఈ రౌడీ వేషం ఎందుకు? వాళ్లు నిజంగానే అలాంటివాళ్లా? ఇవి వింటూ నా బిడ్డ పాడైపోతాడా?"
– ఒక తల్లి, కర్నూలు జిల్లా

సమాధానం:

అమ్మా, నచ్చని పాటను కూడా నిఘంటువు పెట్టుకుని చదివే ఓపిక ఎంతమందికి ఉంటుంది? మీకు అది ఉంది కాబట్టి నేనూ పొట్టి జవాబుతో సరిపెట్టలేను. మీ రెండో ప్రశ్నతో మొదలుపెడతాను. మొదటి ప్రశ్నకు దారి అందులోనే ఉంది.

రిక్ రాస్ అని ఒక ర్యాపర్ ఉన్నాడు. మయామీ ప్రాంతంలో పెరిగాడు. 2006లో తొలి ఆల్బమ్ వచ్చినప్పటి నుంచి తనను తాను పెద్ద కొకైన్ వ్యాపారిగా వర్ణించుకుంటూ పాడాడు. ఆ పేరు కూడా సొంతం కాదు. 1980లలో లాస్ ఏంజెలెస్‌లో నిజంగా కొకైన్ వ్యాపారం చేసి జైలుకు వెళ్లిన మరొక రిక్ రాస్ పేరును అరువు తెచ్చుకున్నాడు. 2008లో ఈ గాయకుడి పాత ఫోటో ఒకటి బయటపడింది. అందులో అతను జైలు కాపలాదారు యూనిఫాంలో ఉన్నాడు. మొదట అది తాను కాదన్నాడు. ఉద్యోగ పత్రాలు కూడా బయటికి వచ్చాక ఒప్పుకున్నాడు. 1990ల మధ్యలో ఏడాదిన్నరపాటు ఫ్లోరిడా జైళ్ల శాఖలో జీతానికి పనిచేశాడు.

ఇంత జరిగాక అతని పని అయిపోయిందని అనుకుంటాం. కానీ 2009లో వచ్చిన ఆల్బమ్ అమెరికా అమ్మకాల్లో మొదటి స్థానంలో నిలిచింది. అసలు రిక్ రాస్ జైలు నుంచి బయటికి వచ్చి, తన పేరును, జీవితాన్ని వాడుకున్నాడని దావా వేస్తే, 2013లో కాలిఫోర్నియా అప్పీలు కోర్టు గాయకుడి పక్షానే నిలిచింది. తీసుకున్న పేరుకు తన కల్పనను జోడించి కొత్త పాత్రను నిర్మించాడు కాబట్టి అది కళాకారుడి హక్కు కిందికి వస్తుందని చెప్పింది.

మన దగ్గర మనిషి జైలుకు వెళ్లొచ్చిన సంగతి దాచుకుంటాడు. ఇక్కడ జైల్లో ఉద్యోగం చేసిన సంగతి దాచాడు. కష్టపడి నెల జీతం తెచ్చుకోవడం సిగ్గుపడే విషయం, మత్తుమందు అమ్మడం చెప్పుకోదగ్గ విషయం ఎప్పుడు అయ్యాయి? మీ ప్రశ్నను నేను ఇలా అడుగుతున్నాను.

పుట్టినప్పుడు ర్యాప్ ఇలా లేదు. 1973 ఆగస్టు 11న న్యూయార్క్ బ్రాంక్స్‌లో సెడ్జ్‌విక్ అవెన్యూ మీద ఒక భవనంలోని ఉమ్మడి గదిలో ఒక అమ్మాయి చిన్న విందు పెట్టింది. బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బు కూడబెట్టుకోవాలని ఆమె ఆలోచన. జమైకా నుంచి వచ్చిన ఆమె అన్న, తర్వాత కూల్ హెర్క్ పేరుతో ప్రసిద్ధుడైనవాడు, రికార్డులు వేశాడు. జనం ఎక్కువగా ఆడే తాళం ముక్కను రెండు రికార్డుల మీద మార్చి మార్చి సాగదీస్తూ, మధ్యలో మైకులో మాటలు కలిపాడు. ర్యాప్ పెరిగిన ఆ సంగీత సంస్కృతిని హిప్‌హాప్ అంటారు, దాని పుట్టినరోజుగా ఆ రోజునే చెప్పుకుంటారు. అంతకు రెండేళ్ల ముందు, 1971 డిసెంబరులో, బ్రాంక్స్ ముఠాలు హో అవెన్యూలో సమావేశమై సంధి చేసుకున్నాయి. అప్పటిదాకా ఒక వీధి కుర్రాడు పక్క వీధిలో అడుగుపెట్టాలంటే భయం. సంధి తర్వాత ఆ పిల్లలు ఒకరి పేటలో జరిగే విందుకు మరొకరు వెళ్లగలిగారు. ముఠాలు పట్టు సడలించిన చోట మొలిచిన సంగీతం ఇది. ఈ సంగతి మీ అబ్బాయికి తెలుసో లేదో అడగండి.

తొలి పాటల్లో గొప్పలు చెప్పుకోవడం, హాస్యం, నాట్యం ఉండేవి. 1982లో 'ది మెసేజ్' అనే పాట వచ్చింది. పగిలిన గాజు పెంకులు, ఎలుకలు, అప్పులవాళ్లు, అన్నీ నిండిన మురికివాడ జీవితాన్ని అది ఉన్నదున్నట్టు చెప్పింది. చూసినదాన్ని చూసినట్టు పాడవచ్చని అందరికీ అర్థమైంది. ఆ తర్వాత చూసినవాడే చేసినవాడిగా మారి పాడటం మొదలైంది. 1985లో ఫిలడెల్ఫియాలో స్కూలీ డి, 1986లో లాస్ ఏంజెలెస్‌లో ఐస్-టి అనే ర్యాపర్లు అలా పాడారు. కథ చెప్పేవాడు కథలోని దొంగ గొంతుతో మాట్లాడాడు.

ఆ గొంతు కొత్తదేమీ కాదు. 1895 క్రిస్మస్ రాత్రి సెయింట్ లూయీ నగరంలోని ఒక సారాయి దుకాణంలో లీ షెల్టన్ అనేవాడు టోపీ కోసం జరిగిన తగాదాలో బిల్లీ లయన్స్‌ను కాల్చి చంపాడు. ఆ హంతకుడు 'స్టాగర్ లీ' అనే పేరుతో నల్లజాతి పాటల్లో, వీధుల్లో చెప్పుకునే పద్యాల్లో వందేళ్లకు పైగా తిరిగాడు. మన సర్వాయి పాపన్నను తలుచుకోండి. కల్లుగీత కుటుంబంలో పుట్టి, సొంత సేన కూడగట్టి, 1708లో వరంగల్‌ను కొల్లగొట్టినవాడు. మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాతల్లో అతను దోపిడీదారు. జానపదుల పాటలో వీరుడు. కోర్టూ కొలువూ తమవి కావని తెలిసిన జనం, వాటిని లెక్కచేయనివాడిని పాట కట్టి దాచుకుంటారు. పాట నచ్చినవాళ్లందరూ దోపిడీకి బయలుదేరలేదు.

ఇక లాస్ ఏంజెలెస్ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. మీ అబ్బాయి గోడ మీది బొమ్మల మూలం అక్కడే ఉంది. ఆ నగరానికి దక్షిణాన కాంప్టన్ అనే చిన్న పట్టణం. చుట్టుపక్కల కర్మాగారాల్లో నల్లజాతి కార్మికులకు మంచి జీతాలు దొరికేవి. పొరుగునే సౌత్ గేట్‌లో ఫైర్‌స్టోన్ టైర్ల కర్మాగారం 1980లో మూతపడింది. జనరల్ మోటార్స్ కార్ల కర్మాగారం 1982లో మూతపడింది. తండ్రి జీతం పోయిన ఇళ్లలోకి కొద్ది ఏళ్లకే క్రాక్ వచ్చింది. కొకైన్‌ను ఉడికించి చిన్న ముక్కలుగా చేసి, కొద్ది డాలర్లకు అమ్మే సరుకు అది. పని లేని కుర్రవాడికి వీధి మలుపులో నిలబడి అమ్మే పని దొరికింది, దానితోపాటు తుపాకీ కూడా.

ప్రభుత్వం 1986లో చట్టం చేసింది. 5 గ్రాముల క్రాక్ దొరికితే కనీసం 5 ఏళ్ల జైలు. అదే శిక్ష పొడి కొకైన్‌కు పడాలంటే 500 గ్రాములు దొరకాలి. పొడి డబ్బున్నవాళ్ల మత్తు, క్రాక్ పేద నల్లజాతి పేటలది. ఈ తేడా 2010 దాకా అలాగే ఉంది. 1985లో లాస్ ఏంజెలెస్ పోలీసులు ఒక సాయుధ వాహనం ముందు పొడవాటి ఇనుప దూలం బిగించి, దానితో ఇళ్ల గోడలు పగలగొట్టడం మొదలుపెట్టారు. మొదటిసారి గోడ పగలగొట్టి చూస్తే లోపల ఆడవాళ్లు, చిన్నపిల్లలు ఉన్నారు. ఆ వాహనం మీద అదే ఏడాది టాడీ టీ అనే స్థానిక ర్యాపర్ పాట కట్టాడు. తర్వాత ముఠాల ఏరివేత పేరుతో ఒక్కో వారాంతంలో వందలమంది యువకులను పట్టుకెళ్లిన రోజులు వచ్చాయి. ఏ ముఠాలోనూ లేనివాడు కూడా వాళ్లలో ఉన్నాడు.

1988లో కాంప్టన్ కుర్రవాళ్ల బృందం ఎన్.డబ్ల్యూ.ఏ. ఆల్బమ్ వచ్చింది ఈ నేపథ్యంలోనే. వాళ్లలో ఈజీ-ఈ ఒకప్పుడు మత్తుమందు అమ్మానని తానే చెప్పుకున్నవాడు. కానీ ఆ ఆల్బమ్‌లోని చాలా మాటలు రాసిన ఐస్ క్యూబ్ వేరే రకం మనిషి. అప్పట్లో అతను ఆరిజోనా వెళ్లి భవనాల నక్షాలు గీసే కోర్సు చదివి వచ్చిన విద్యార్థి. పొద్దున ఇంటి నక్షా గీసే చెయ్యి, రాత్రి తుపాకీ పట్టుకున్నవాడి మాటలు రాసింది. పోలీసు ఎలాగూ తనను ముఠావాడిగానే చూస్తున్నప్పుడు, "అవును, నేను మీరు భయపడేవాడినే" అని ఎదురు నిలబడటంలో ఒక బలం ఉంది. ఎదుటివాడు విసిరిన నిందను తీసి కిరీటంలా పెట్టుకోవడం అది. ఈ వేషంలో నేను గౌరవించే భాగం ఇదే. నిజం ఉందని మీ అబ్బాయి అన్నది కూడా ఇక్కడికి సరిపోతుంది.

ఆ పాటలను రేడియోలు దాదాపు వేయలేదు. 1989 ఆగస్టులో అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్.బి.ఐ. అధికారి ఒకరు, ఇవి పోలీసుల మీద హింసను ప్రోత్సహిస్తున్నాయంటూ రికార్డుల కంపెనీకి ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం కంటే పెద్ద ప్రకటన ఆ బృందానికి ఎవరూ ఇచ్చి ఉండరు. ప్రభుత్వమే భయపడుతున్న పాటలని తెలిశాక, ఎన్నడూ కాంప్టన్ ముఖం చూడని పిల్లలు కూడా కొన్నారు.

ఇక్కడి నుంచి కథ వ్యాపారం చేతిలోకి పోయింది. 1991 దాకా అమెరికాలో ఏ ఆల్బమ్ ఎంత అమ్ముడైందో తెలుసుకోవడానికి దుకాణాల వాళ్లను అడిగేవారు. వాళ్లు నోటికి వచ్చింది చెప్పేవారు. ఆ ఏడాది మే నుంచి బిల్లు కొట్టే యంత్రంలోని లెక్క నేరుగా రావడం మొదలైంది. కొన్ని వారాలకే ఎన్.డబ్ల్యూ.ఏ. రెండో ఆల్బమ్ దేశంలో మొదటి స్థానానికి చేరింది. నగర శివార్లలో విశాలమైన ఇళ్లలో ఉండే తెల్లజాతి కుటుంబాల పిల్లలు కూడా ఈ సరుకును పెద్ద ఎత్తున కొంటున్నారని కంపెనీలకు అర్థమైంది. వాళ్లకు కావలసింది కర్మాగారం మూతపడిన కథ కాదు, తుపాకీ. 1996లో కొత్త చట్టం వచ్చి, దేశం మొత్తం మీద ఒక సంస్థకు 40 రేడియో కేంద్రాలకు మించి ఉండకూడదన్న పరిమితిని ఎత్తేసింది. తర్వాతి ఏళ్లలో ఒక్క సంస్థ చేతికే 1,200కు పైగా కేంద్రాలు చేరాయి. ఒకే పాటల జాబితా ఊరూరా మోగింది. ర్యాప్‌లో రాజకీయం పాడేవాళ్లు, ప్రేమ పాడేవాళ్లు, హాస్యం పాడేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు, ఇప్పటికీ ఉన్నారు. దుకాణం ముందు వరుసలో మాత్రం తుపాకీనే పెట్టారు.

మీరు కర్నూలు జిల్లా నుంచి రాశారు కాబట్టి ఒక మాట అడుగుతాను. 1990ల చివరి నుంచి మన ఫ్యాక్షన్ సినిమాలు మీ ప్రాంతాన్ని ఎలా చూపించాయో మీకు నేను చెప్పాలా? వేటకొడవళ్లు, బాంబులు, వరుసగా దూసుకొచ్చే తెల్ల వాహనాలు. హైదరాబాద్‌లో హాస్టల్లో చేరిన కర్నూలు, కడప పిల్లలను "మీ ఇంట్లో బాంబులుంటాయా?" అని అడిగిన రోజులు నాకు గుర్తున్నాయి. ఫ్యాక్షన్ అబద్ధం కాదు, మనుషులు చచ్చిపోయారు. కానీ ఆదోని వైపు నుంచి మిరపకోతలకు గుంటూరు బస్సెక్కే కుటుంబాలు ఆ సినిమాల్లో ఎక్కడ? వాన లేని ఏళ్లు ఎక్కడ? ఒక ప్రాంతం గాయాన్ని తీసి, వేటకొడవలి ఒక్కటే మిగిల్చి, మిగతా రాష్ట్రానికి వినోదంగా అమ్మారు. కాంప్టన్‌కు జరిగింది ఇదే. మీ అబ్బాయికి ఇది చెబితే వెంటనే తగులుతుంది.

వేషం కదా, పోనీలే అని నేను అనడం లేదు. టుపాక్ షకూర్ సంగతి చూడండి. బాల్టిమోర్ కళాపాఠశాలలో నటన చదివాడు, షేక్‌స్పియర్ నాటకాల్లో వేశాడు, బ్యాలే నేర్చుకున్నాడు. 1991లో అతని తొలి ఆల్బమ్‌లోని ఒక పాట పన్నెండేళ్లకే తల్లి అయిన పిల్ల గురించి. అంత సున్నితంగా చూడగలిగినవాడు. అదే మనిషి 1995లో లైంగిక దాడి కేసులో జైలుకు వెళ్లాడు. బయటికి వచ్చాక డెత్ రో అనే రికార్డుల కంపెనీలో చేరాడు. అక్కడ ముఠా గొడవలకూ పాటలకూ మధ్య గీత చెరిగిపోయి ఉంది. 1996 సెప్టెంబరులో లాస్ వేగస్‌లో కారులో ఉండగా కాల్చారు. 25 ఏళ్లకు చనిపోయాడు. ఆరు నెలలకు, 1997 మార్చిలో, ఒకప్పుడు అతని స్నేహితుడూ తర్వాత ప్రత్యర్థీ అయిన నటోరియస్ బి.ఐ.జి.ని లాస్ ఏంజెలెస్‌లో కాల్చి చంపారు. అతనికి 24. అతని తల్లి చిన్నపిల్లలకు చదువు చెప్పే టీచరు. వేషం రోజూ వేసుకుంటే, ఎదుటివాడు దాన్ని వేషంగా చూడటం మానేస్తాడు. అభిమానులకు అది కథే కావచ్చు. పక్క ముఠావాడికి అది సవాలు.

కోర్టులు కూడా దాన్ని వేషంగా చూడటానికి చాలాసార్లు ఒప్పుకోలేదు. తెల్లజాతి గాయకుడు జానీ క్యాష్, ఒక మనిషి ప్రాణం పోతుంటే చూద్దామని కాల్చానని చెప్పే ఖైదీ పాట పాడాడు. 1968లో ఆ పాటను ఫోల్సమ్ జైల్లో ఖైదీల ముందే పాడి రికార్డు చేశాడు. అతను హంతకుడని ఎవరూ అనలేదు. ర్యాపర్ పాడిన మాటలను మాత్రం ప్రాసిక్యూటర్లు హత్య కేసుల్లో సాక్ష్యంగా చదివి వినిపించారు. దీన్ని కట్టడి చేయడానికి కాలిఫోర్నియా రాష్ట్రం 2022లో చట్టమే చేయవలసి వచ్చింది.

ఆడవాళ్లను తిట్టే మాటల దగ్గరికి వస్తే నేను ఏ సమర్థనా చేయను. దారిద్ర్యమూ పోలీసు దెబ్బలూ ఆ తిట్లకు కారణం చెప్పలేవు. ఎన్.డబ్ల్యూ.ఏ.లోని డాక్టర్ డ్రే 1991లో ఒక మహిళా పాత్రికేయురాలిని కొట్టాడు. కోర్టులో అభియోగాన్ని ఎదిరించకుండా శిక్ష స్వీకరించాడు. పాటలోని తిట్టు పాటలోనే ఆగలేదు. దీనికి జవాబు కూడా ర్యాప్ లోపలి నుంచే వచ్చింది. 1993లో క్వీన్ లతీఫా, ఆడవాళ్లను అలాంటి పేర్లతో పిలిచేవాళ్లను నిలదీస్తూ పాడిన పాటకు గ్రామీ బహుమతి వచ్చింది. ఆమె పేరు మీ అబ్బాయి గోడ మీద ఉందా?

ఇప్పుడు మీ మూడో ప్రశ్న. పాటలు విన్నంత మాత్రాన పిల్లలు పాడైపోరు. బొమ్మలు చించకండి, ఫోను లాక్కోకండి. మీరు చించితే, నిషేధించారు కాబట్టి ఇందులో నిజం ఉందని అతను అనుకుంటాడు. ఎఫ్.బి.ఐ. ఉత్తరం చేసిన పనే మీరూ చేసినట్టవుతుంది. కానీ కొన్ని గమనించండి. ఇంట్లో చెల్లితోనో మీతోనో, కాలేజీలో అమ్మాయిలతోనో అతని మాట తీరు మారిందా? లెక్క చెప్పలేని డబ్బు చేతిలో కనిపిస్తోందా? నిద్ర, తిండి, చదువు దెబ్బతిన్నాయా? కొత్త స్నేహితులను మీకు చూపించకుండా దాస్తున్నాడా? వీటిలో ఏదైనా ఉంటే పాటల సంగతి పక్కన పెట్టి దాన్ని నేరుగా మాట్లాడండి, అవసరమైతే కౌన్సెలర్ దగ్గరికి తీసుకువెళ్లండి. ఏవీ లేకపోతే మీ ఇంట్లో ఉన్నది ఒక సంగీతాభిమాని.

అతనితో ఒక విషయం మాత్రం ఖచ్చితంగా చెప్పండి. ఆ పాటల్లో నల్లజాతివాళ్లు తమలో తాము పిలుచుకునే ఒక మాట పదే పదే వస్తుంది. బానిసత్వం రోజుల నుంచి తెల్ల యజమానులు వాళ్లను అవమానించడానికి వాడిన మాట అది. వాళ్లు దాన్ని తీసుకుని తమ నోట తిప్పుకున్నారు. మన పిల్లల నోటికి అది తగదు, పాటతో కలిసి పాడేటప్పుడు కూడా. రేపు చదువుకని అమెరికా వెళితే, తరగతి గదిలో ఆ ఒక్క మాట పొరపాటున దొర్లినా ఎదుటివాడి మనసు ఎంత గాయపడుతుందో ఇప్పుడే తెలియాలి. కులం పేరు పెట్టి తిట్టడం ఎలాంటిదో మనకు తెలుసు కదా, అలా చెప్పండి.

చివరగా, ఒక సాయంత్రం అతని పక్కన కూర్చుని ఒక ఆల్బమ్ వినండి. కాంప్టన్‌లోనే పెరిగిన కెండ్రిక్ లమార్ 2012లో చేసినది, పేరు 'గుడ్ కిడ్, మ్యాడ్ సిటీ'. ఇతనికే 2018లో సంగీతానికి పులిట్జర్ బహుమతి ఇచ్చారు. ఇందులోనూ తుపాకులు, తిట్లు ఉంటాయి. ముందే చెబుతున్నాను, కొన్ని చోట్ల మీకు కష్టంగా ఉంటుంది. కానీ ఇక్కడ "నేను" అనేవాడు గ్యాంగ్‌స్టర్ కాదు. స్నేహితుల వెంట తిరుగుతూ, వాళ్లు చేసేవి చూస్తూ, భయపడుతూ, వాళ్లలా కనిపించాలని ఆరాటపడే పదిహేడేళ్ల కుర్రవాడు. అమ్మ వ్యాను అడిగి తీసుకుని బయటికి వెళ్లాడు. మొదటి పాట చివర ఫోనులో ఒక ఆడగొంతు వినిపిస్తుంది, పదిహేను నిమిషాల్లో వస్తానని ఇంకా రాలేదేమని, వ్యాను తనకు కావాలని. పాటలు గడుస్తుంటే ఆ గొంతు మళ్లీ వస్తుంది. చివరికి దగ్గర పడుతుండగా, క్షేమంగా బయటపడి తిరిగి వచ్చి నీ కథ ఈ ఊరి పిల్లలకు చెప్పమని అడుగుతుంది.

అది కెండ్రిక్ లమార్ తల్లి గొంతు. అక్కడ పాట ఆపి, ఆవిడ ఏమన్నదో తెలుగులో చెప్పమని మీ అబ్బాయిని అడగండి.